ఎవరి కంటికి ఈ చార? సిక్కోలు నుంచి విజయనగరం దాకా అయిదు రోజులు

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పొడుగాటి మాను మీద పూజారి ఊరేగే జాతర. దానికి నాలుగు రోజుల ముందు, శుక్రవారం నాడు శ్రీకాకుళంలో మొదలుపెడితే ఈ ప్రయాణం సరిగ్గా కుదురుతుంది. వానలు తగ్గుముఖం పడతాయి, గడ్డి ఏపుగా ఉంటుంది, పశువుల మీద జోరీగలు ఇంకా ముసురుతుంటాయి, చివరి రోజున ఊరంతా పులివేషాలు దిగుతాయి. చారల సంగతి తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి వారం మన ప్రాంతంలో లేదు.

సామాను కొంచెమే. ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే బైనాక్యులర్, దర్జీ టేపు, నోటుపుస్తకం, టార్చిలైటు, మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, తెల్ల సుద్ద రెండు కిలోలు, బొగ్గుపొడి అరకిలో, రెండంగుళాల బ్రష్షులు రెండు. బుడగలూ మార్కరు పెన్నూ సిరిమాను జాతరలో దొరుకుతాయి.

వీటన్నిటితో పాటు ఒక ప్రశ్న పట్టుకెళ్లాలి. "ఈ జంతువుకి చారలెందుకు?" అని అడిగితే ఎక్కడా తెగదు. "ఈ చార ఎవరి కంటికోసం?" అని అడగాలి. పులి చారను చూసేది లేడి. జీబ్రా చారను చూసేది ఈగ. ఉడుత చారను చూసేది డేగ. కన్ను మారితే జవాబు మారుతుంది.

శుక్రవారం, అరసవల్లి

శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ దిగి బస్సెక్కితే అరగంటలో ఊళ్లో ఉంటారు. అరసవల్లి గుడి ఊరిని ఆనుకునే ఉంది. దర్శనం అయ్యాక, ఎండ ముదరకముందే, చుట్టుపక్కల చింతచెట్టో వేపచెట్టో చూసుకుని కింద కూర్చోండి. పది నిమిషాలు కదలకుండా ఉంటే ఉడుత దిగుతుంది.

దాని వీపు మీద రాములవారి వేళ్ల గుర్తులని మనందరికీ చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ వేళ్లను ఈసారి బైనాక్యులర్‌లో చూడండి. మధ్య గీత మెడ నుంచి తోక మొదలు దాకా పూర్తిగా పోతుంది. పక్క గీతలు రెండూ ముందుకాలి దగ్గర మొదలై వెనకకాలి దగ్గర ఆగిపోతాయి. లేత గీతల నడుమ ముదురు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. నిజానికి లేత గీతను కంటికి తెలిసేలా చేస్తున్నది పక్కనున్న ఆ ముదురు పట్టీయే. గీతలు అయిదు కనిపిస్తే అది ఉత్తరాది రకం, మూడైతే మన దక్షిణాదిది. లెక్కపెట్టేటప్పుడు తరచూ జరిగే పొరపాటు ముదురు పట్టీలను కూడా కలిపేయడం. లేతవి మాత్రమే లెక్క.

ఉడుత చెట్టుకు అతుక్కుని నిలబడినప్పుడు నిలువు గీతలు బెరడు పగుళ్లలో కలిసిపోతాయి. ఒక నిండు ఆకారం పోయి నాలుగైదు సన్నటి పేలికలుగా తెలుస్తుంది. పరుగెత్తేటప్పుడు జరిగేది వేరు. ఒంటికి అడ్డంగా గుర్తు ఉంటే దాన్ని పట్టుకుని కన్ను వెంబడించగలదు. పొడుగు గీత పరుగు దిక్కునే సాగుతుంది కాబట్టి కంటికి పట్టు దొరకదు. దెబ్బ తలకు తగలాల్సింది వెనక్కి పోతుంది. తిరువనంతపురంలోని ఐసర్ అనే శాస్త్ర పరిశోధన సంస్థలో గోపాల్ మురళి, ఉల్లాస కోదండరామయ్య తెర మీద కదిలే బొమ్మలను మనుషుల చేత తాకించి 2016లో దీన్నే చూపించారు. ఒంటి ముందుభాగాన చారలున్న బొమ్మ మీద దెబ్బలు తోకవైపు జరిగాయి. పెరట్లో తిరిగే నలికిరి పామును ఈ కంటితో చూడండి. దాని ఒంటికీ పొడుగు గీతలే, పైగా అది తోకను వదిలేసి బతకగలదు. ఉడుతకు ఆ వీలు లేకపోయినా తల మీద పడాల్సిన పంజా తోక కుచ్చు మీద పడితే చాలు.

ఆ లేత గీత ఎలా పడుతుందన్నది కూడా కొంత తేలింది. ఆఫ్రికాలో చారల ఎలుక ఒకటుంది. దాని మీద హార్వర్డులో హోపీ హోక్‌స్ట్రా బృందం చేసిన పని 2016లో వెలువడింది. లేత గీత పడే చోట చర్మంలో ఏఎల్ఎక్స్3 అనే జన్యువు గట్టిగా పనిచేస్తుంది. అది రంగుకణాలను ఎదగనివ్వదు. కణం ఎదగకపోతే రంగు తయారుకాదు, అక్కడి వెంట్రుక లేతగా వస్తుంది. అంటే తెల్ల గీత పైన పూసిన తెలుపు కాదు, రంగు ఆగిపోయిన చోటు. ఈ మాట గుర్తుంచుకోండి. జీబ్రా దగ్గర మళ్లీ పనికొస్తుంది.

శనివారం, శ్రీకూర్మం, కళింగపట్నం

పొద్దున్నే శ్రీకూర్మం. శ్రీకాకుళం నుంచి పదిహేను కిలోమీటర్లకు మించదు. కూర్మనాథుడి గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లున్నాయి. తాబేలుకు వెంట్రుకలు లేవు, కాబట్టి ఈ కథలో దాని పాత్ర చిన్నది. అయినా చూడకుండా వెళ్లొద్దు. నల్లటి పెంకు మీద ఒక్కో పలకకు మధ్యలో పసుపు బొట్టు, దాని నుంచి చుట్టూరా పసుపు గీతలు. గచ్చు మీద ఉన్నప్పుడు నగలా మెరుస్తుంది. అదే తాబేలు ఎండుగడ్డిలో ఉంటే నల్లటి భాగం గడ్డి నీడగా, పసుపు గీతలు గడ్డిపోచలుగా మారి గుండ్రటి ఆకారమే తప్పిపోతుంది. దీన్ని ఇంట్లో పెంచుకోవడం చట్టప్రకారం నేరం. అమ్మచూపినా కొనొద్దు.

మధ్యాహ్నం మీద కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసేచోట, నీటికి కాస్త ఎడంగా, పొడి ఇసుక మీద గాలి పేర్చిన అలల దగ్గర వంగి చూడండి. ఒక అలకూ ఇంకో అలకూ మధ్య ఎడం ఇంచుమించు సమానం. టేపు పెట్టి ఓ ఇరవై ఎడాలు కొలవండి, తేడా కొద్దిగానే ఉంటుంది. కొలత పట్టి ఎవరూ గీయలేదు. ఇసుక పోగైన చోట దాని వెనక కొంతమేర ఇసుక నిలవదు, ఆ తర్వాతే ఇంకో పోగు లేస్తుంది. దగ్గరగా పోగు, కాస్త దూరంగా అడ్డు. ఈ రెండూ ఉంటే చాలు, చారలు వాటంతటవే పుడతాయి.

చర్మం మీద చారకూ ఇదే రకం లెక్క ఉండొచ్చని 1952లో ఇంగ్లండులో అలన్ ట్యూరింగ్ రాశాడు. కంప్యూటర్ల లెక్కకు పునాది వేసిన ఆ ట్యూరింగే. ఒక పదార్థం తనను తాను పెంచుకుంటుంది, దానితో పుట్టే ఇంకో పదార్థం మరింత వేగంగా చుట్టూ పాకి ఆ పెరుగుదలను ఆపుతుంది. రెండూ పిండం చర్మంలో సర్దుకునే సరికి ఒకచోట రంగు, ఒకచోట ఖాళీ, మళ్లీ రంగు. ఇసుక అలలు పుట్టేది వేరే శక్తుల వల్ల, చర్మంలో పనిచేసేవి వేరే. పోలిక లెక్కలో ఉంది.

ఇసుక అలలను చూసేటప్పుడు ఒక చోటు తప్పకుండా వెతకాలి. రెండు అలలు కలిసి ఒకటయ్యే చోటు, పంగలకర్రలా ఉంటుంది. చదరపు గజానికి ఒకటో రెండో దొరుకుతాయి. జీబ్రా ఫొటో తీసి భుజం దగ్గర చూస్తే అచ్చం అలాంటి పంగే ఉంటుంది. కాళ్ల చారలు అడ్డంగా, ఒంటి చారలు నిలువుగా వస్తాయి. ఆ రెండు దిక్కులూ తగులుకున్న చోట చార చీలక తప్పదు.

ఆదివారం, వంశధార గట్టు మీది పల్లె

ఈ ప్రయాణానికి ఆయువుపట్టు ఈ రోజే. జీబ్రా ఆఫ్రికాది, మన జిల్లాలో దాన్ని చూడలేం. కానీ దాని చారకు కారణమైన ఈగ కుటుంబం మన పశువులసాలలోనే ఉంది. అదే జోరీగ.

ముందు అసలు వాదన. జీబ్రా చారల గురించి వాలెస్, డార్విన్‌ల కాలం నుంచీ తగువే. పొడుగు గడ్డిలో దాక్కోవడానికి అన్నాడు వాలెస్. డార్విన్ ఒప్పుకోలేదు, జీబ్రాలు బయళ్లలో మేస్తాయి కదా అన్నాడు. సింహం కంటికి ఆ చారలు ఎంత దూరం కనిపిస్తాయో 2016లో అమాండా మెలిన్, టిమ్ కారో బృందం లెక్కకట్టింది. పగలు యాభై మీటర్లు దాటితే, మునిమాపు వేళ ముప్ఫై మీటర్లు దాటితే సింహానికి చారలు విడిగా తెలియవు, ఒంటి రంగు బూడిదగా కలిసిపోతుంది. అంత దగ్గరికి వచ్చేసరికి వాసనా చప్పుడూ సింహానికి ముందే అందేసి ఉంటాయి. కాబట్టి సింహం లెక్క తేలిపోయింది.

చల్లదనం కోసం అన్నవాళ్లున్నారు. నల్ల చార వేడెక్కి, తెల్ల చార చల్లగా ఉండి, మధ్యలో గాలి తిరుగుతుందట. హంగరీలో గాబోర్ హోర్వాత్ బృందం నీళ్లు నింపిన పీపాలకు జంతు చర్మాలు చుట్టి ఎండలో పెట్టింది. 2018లో ఫలితం చెప్పింది: చారల పీపా నీళ్లు బూడిదరంగు పీపా నీళ్లకన్నా చల్లబడలేదు.

మిగిలింది ఈగ. 2014లో టిమ్ కారో బృందం గుర్రం, గాడిద, జీబ్రా జాతులన్నిటి పటాలూ ముందేసుకుంది. సింహాలు, అడవి దట్టం, ఎండ, ఈగలు, అన్నీ ఒక్కొక్కటే సరిచూసింది. చారలు ఎక్కడున్నాయో అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం కుట్టే ఈగలు ఉన్నాయి. మిగతా కారణాలు నిలవలేదు. జీబ్రా వెంట్రుక పొట్టిది, జోరీగ మూతి దాన్ని దాటి చర్మానికి అందుతుంది. ఆఫ్రికాలో ఆ కాటుతో ప్రాణాంతక రోగాలు వస్తాయి.

ఇప్పుడు పశువులసాలలోకి. జోరీగను గుర్తుపట్టడం తేలిక. ఇంటి ఈగకు రెండింతలో మూడింతలో ఉంటుంది, తలంతా కళ్లే. కుట్టేది ఆడది మాత్రమే, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. మగది పూలతేనె తాగి బతుకుతుంది. దోమలా సూది దింపదు, కత్తెరలా కోస్తుంది. ఎగిరిపోయాక కూడా పశువు ఒంటి మీద రక్తం చుక్క జారుతూ కనపడితే అది జోరీగ పనే. ఒక పశువు మీద తాగుతూ మధ్యలో బెదిరి ఇంకో పశువు మీద వాలితే మూతికంటిన రక్తంతో సర్రా రోగం పాకుతుంది. చెవిలో జోరీగ అని మనం ఊరికే అనలేదు.

నల్ల పశువు మీద ఇది ఎందుకు ఎక్కువగా వాలుతుంది? జోరీగ గుడ్లు పెట్టేది నీటి పక్కన, పిల్లపురుగు పెరిగేది బురదలో. కనుక దాని కన్ను నీటి మీద నుంచి ఒకే తలంలో కంపిస్తూ వచ్చే వెలుగును పసిగట్టేలా ఉంది. నల్లటి, నున్నటి చర్మం ఆ వెలుగునే తిప్పికొడుతుంది. తెల్ల చర్మం చెదరగొడుతుంది. జోరీగలను పట్టే బోనుల్లో నల్లటి బంతిని ఎండలో వేలాడదీసేది అందుకే.

జపాన్‌లో కొజిమా తొమోకి బృందం ఆరు నల్ల ఆవులకు తెల్ల చారలు వేసి చూసి 2019లో రాసింది. చారల ఆవుల మీద కుట్టే ఈగలు ఇంచుమించు సగానికి తగ్గాయి. ఆ పరీక్షను చిన్న ఎత్తున ఏ పల్లెలోనైనా చేయొచ్చు. పద్ధతి ఇది.

నల్లటి ఆవులో ఎడ్లో మూడు కావాలి, ఒకే ఎత్తువి, సాధువైనవి. గేదె వద్దు. దాని వెంట్రుక పలచన, పైగా బురదలో దిగుతుంది, సుద్ద నిలవదు. ఒకదానికి తెల్ల చారలు, ఒకదానికి బొగ్గుపొడితో నల్ల చారలు, ఒకదానికి ఏమీ లేదు. నల్ల మీద నల్ల చార దేనికని అందరూ అడుగుతారు. పూత వాసనకే ఈగ పోతోందా, తెలుపు వల్ల పోతోందా అన్నది దానితో తేలుతుంది. ఇది లేకపోతే మిగతా లెక్కంతా వృథా.

పూతకు సున్నం ఎప్పుడూ వాడొద్దు. చర్మం పొక్కుతుంది, ఆవు నాకితే నోరు కాలుతుంది. బియ్యప్పిండి కూడా వద్దు, తడికి పులిసి మామూలు ఈగలను పిలుస్తుంది, లెక్క చెడుతుంది. నామాలకు వాడే తెల్ల సుద్ద మంచిది. కిలో సుద్దకు ముప్పావు లీటరు నీళ్లు, అందులో రాత్రి నానబెట్టిన రెండు చెంచాల తుమ్మబంక. పెరుగంత చిక్కగా ఉండాలి. పలచనైతే జారి చారలన్నీ కలిసిపోతాయి, మరీ చిక్కనైతే ఆవు ఒళ్లు విదిలించగానే పెచ్చులుగా ఊడుతుంది. చార వెడల్పు రెండంగుళాలు, అంటే బ్రష్షంత, మధ్య ఖాళీ కూడా అంతే. వెన్ను నుంచి పొట్ట దాకా నిలువుగా, వెంట్రుక వాలు దిక్కునే బ్రష్షు నడపాలి. ఎదురు దువ్వితే వెంట్రుక లేచి కింది నలుపు బయటపడుతుంది. కాళ్లు మరిచిపోవద్దు, జోరీగలు ఎక్కువగా వాలేవి అక్కడే. కళ్లు, మూతి, పొదుగు దగ్గరికి పోవద్దు. పూత పూర్తిగా ఆరాకే లెక్క మొదలు. తడి పూత మెరిసి ఈగను ఇంకా పిలుస్తుంది.

ఇలా పూస్తుంటే చుట్టూ జనం చేరతారు. పశువుల యజమాని, పెద్దాయన, గట్టు మీద నిలబడి అన్నాడు: "ఏటి బావూ, ఆవుకి ముగ్గులెడతన్నారేటి?"

"జోరీగ వాలకుండా తాతా."

"గీత గీసేస్తే జోరీగ ఆగతాదేటి? ఆగితే సంతోసమే. సూద్దాం, కానీండి."

లెక్కపెట్టడం ఉదయం పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపు, ఎండ పొడిగా ఉన్నప్పుడు. మబ్బు పట్టినా, గాలి జోరుగా వీచినా జోరీగ బయటికి రాదు. మూడు పశువులనూ ఒకే నీడకు సమాన దూరంలో, ఒకదానికొకటి పది అడుగుల ఎడంలో కట్టండి. సాలలో పొగ వేసి ఉంటే ఆర్పేయండి. ఒక్కో పశువుకు ఒక మనిషి, అరగంట. మూడు గడులు గీసుకోండి: వాలిన జోరీగలు, తోక విసుర్లు, కాలు నేలకు కొట్టడం. మరునాడు పూతలు కడిగేసి పశువులను మార్చి మళ్లీ పూయాలి. మూడు రోజుల్లో ప్రతి పశువూ మూడు వేషాలూ వేయాలి. కొన్ని పశువుల వైపు జోరీగలు సహజంగానే ఎక్కువ వస్తాయి, మార్చకపోతే ఆ తేడాను చార తేడా అనుకుంటాం. ప్రయాణంలో ఒక్క రోజే ఉంటారు కాబట్టి మిగతా రెండు రోజులు ఊళ్లో పిల్లలకు అప్పజెప్పండి. శ్రద్ధగా చేస్తారు.

అంకెలకన్నా ముఖ్యంగా చూడాల్సింది ఒకటుంది. తెల్ల చారల ఆవు పక్కన రెండడుగుల దూరంలో కూర్చుని ఒక్క జోరీగను మాత్రమే కంటితో వెంబడించండి. దూరం నుంచి అది మామూలుగానే వస్తుంది. చార దానికి భయం కాదు. ఆవు దగ్గరికి వచ్చాక వేగం తగ్గించి, కాళ్లు ముందుకు చాపి దిగాలి. చారల మీద ఆ తగ్గింపు జరగదు. అదే వేగంతో వచ్చి చర్మానికి ఠప్పున తగిలి ఎగిరిపోతుంది, లేదా పక్కనుంచి దాటిపోతుంది. వెంటనే మెడ మీద పూత లేని చోట చక్కగా దిగుతుంది. 2019లో ఇంగ్లండులో కారో బృందం గుర్రాలకు చారల కోట్లు తొడిగి వీడియోలు తీసినప్పుడు కనిపించిందీ ఇదే. కోటు మీద వాలడం బాగా తగ్గింది, కోటు లేని తల మీద మాత్రం అన్ని గుర్రాలకూ ఒకేలా వాలాయి.

చారే కావాలా అంటే, అక్కర్లేదు. 2020లో మార్టిన్ హౌ, కారో బృందం గళ్ల కోటు తొడిగి చూస్తే అదీ అంతే పనిచేసింది. కాబట్టి రోజూ పూయడం కుదరని రైతు పాత నలుపు తెలుపు గళ్ల దుప్పటి పశువు వీపు మీద కప్పి కట్టినా కొంత మేలే. పిడుదులకు, రాత్రి దోమలకు ఇది పనికిరాదు. అవి వచ్చేది వాసన, వేడి, ఊపిరి పట్టుకుని. మందు మానేయమని ఎవరికీ చెప్పకండి.

జీబ్రా గురించి ఇంకొక్క మాట. తెల్ల చార కింద కూడా దాని చర్మం నల్లగానే ఉంటుంది. తెల్ల వెంట్రుక అంటే రంగు అందని వెంట్రుక. నల్ల ఆవుకు తెల్ల సుద్ద పూసిన మన పద్ధతి తెలియకుండానే జీబ్రా పద్ధతి.

సాయంత్రం పలాస మీదుగా మందసకు.

సోమవారం, మందస

మహేంద్రగిరి కొండల పాదాన మందస. జీడితోటలు, కొబ్బరి, పైన అడవి. తెల్లవారుజామున తోటల అంచున అడవిపందుల జాడలు దొరుకుతాయి. నేల తవ్వి పోసినట్టుంటుంది. వీటి పిల్లలకు చారలుంటాయి. గోధుమ ఒంటి మీద తల నుంచి తోకదాకా లేత గీతలు, కొన్ని నెలలు దాటేసరికి మాసిపోతాయి. తల్లికి అక్కర్లేని చార పిల్లకెందుకు? తల్లి దగ్గర లేనప్పుడు పిల్ల పరుగెత్తి తప్పించుకోలేదు, పొదలో కదలకుండా పడుకుంటుంది. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చారలూ దాని ఒంటి చారలూ ఒకటే. పెరిగాక కోరలు వస్తాయి, మంద ఉంటుంది, చార పని అయిపోతుంది. పిల్లలు కనపడితే అడుగు వెనక్కి వేయండి. తల్లి పక్కనే ఉంటుంది, నేరుగా మీదికి వస్తుంది.

ఆదివారం రాత్రే టార్చి వేసుకుని తోట అంచున తిరిగితే పునుగుపిల్లి కనపడే అవకాశం ఉంది. వీపున గీతలు, పక్కలకు చుక్కలు, తోకకు ఉంగరాల్లాంటి చారలు. ఒంటికి చుక్కలుండి తోకకు చారలుండే జంతువులు చాలా ఉన్నాయి, ఒంటికి చారలుండి తోకకు చుక్కలుండేది దాదాపు కనపడదు. జేమ్స్ మర్రే అనే గణితవేత్త ట్యూరింగ్ లెక్కతోనే దీనికి కారణం చూపాడు. వెడల్పైన చర్మం మీద చుక్కలకు చోటుంటుంది. పిండంలో తోక సన్నటి గొట్టం, అక్కడ చుక్క చుట్టూ తిరిగి ఉంగరమై కలిసిపోతుంది. పునుగుపిల్లి దొరక్కపోతే చిరుతపులి ఫొటోలో తోక చివర చూడండి.

రాత్రి తిరిగేవాళ్లకు బూట్లు తప్పనిసరి, కట్లపాము ఉన్న ప్రాంతం. పేరులోనే కట్లు ఉన్నాయి. నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల కట్లు, తలవైపు మాసి తోకవైపు స్పష్టంగా ఉంటాయి. దీన్ని పోలిన విషం లేని పాము ఒకటి ఇళ్లలోకి వస్తుంది. దానికి కట్లు తలవైపే వెడల్పుగా, స్పష్టంగా ఉండి తోకవైపు మాసిపోతాయి. కట్లపామును చూసి బెదిరిన కన్ను దీన్నీ వదిలేస్తుంది, అదే దానికి రక్ష. అయితే ఈ తేడా పుస్తకానికే, చీకట్లో పరీక్షించడానికి కాదు. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి పుట్టదు, నిద్రలోనే జరుగుతుంది. నేల మీద పడుకోవద్దు, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి, అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోండి.

పసుపు నలుపు పట్టీల పెద్ద కట్లపాముకు మన భాషలో బంగారు పాము అని పేరు. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రసెల్ ఈ పేరునే తన పాముల పుస్తకంలో రాసుకున్నాడు. 1796లో అది అచ్చయింది. ఆ తర్వాత ఈ జాతులన్నిటికీ శాస్త్రనామం బుంగారస్ అయింది. ప్రపంచంలో ఎక్కడ కట్లపాము గురించి రాసినా ముందు మన బంగారం పలకాల్సిందే.

మధ్యాహ్నం రైలు పట్టుకుంటే చీకటిపడే వేళకు విజయనగరం. ఆ రాత్రి తొలేళ్లు, అంటే సిరిమానుకు ముందురోజు ఉత్సవం. బస ముందే చూసుకోవాలి.

మంగళవారం, విజయనగరం

ఈ జిల్లాకు పులి కొత్త కాదు. 2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు మొదట కనిపించిన పెద్దపులి అనకాపల్లి దాటి ఇటువైపు వచ్చి వారాలపాటు జనానికి నిద్ర లేకుండా చేసింది. అలాంటప్పుడు ఇది ఫలానా పులేనా అని తేల్చేది చారలే. ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు. ఉల్లాస్ కారంత్ 1990లలో నాగరహొళెలో కెమెరాలు కట్టి పులులను లెక్కించడానికి ఆధారం ఇదే. పులి కుడిపక్క చారలకూ ఎడమపక్క చారలకూ పోలిక ఉండదు. అందుకని దారికి రెండు వైపులా రెండు కెమెరాలు కడతారు, నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున. రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉంటే ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని ఫొటోను తెల్లగా చేసేస్తుంది, అందుకే కాస్త పక్కకు జరపాలి. ముందున్న గడ్డి కోయకపోతే గాలికి ఊగి వేల ఫొటోలు పడతాయి. ఒక పక్కే దొరికిన పులి ఇంకో పక్క దొరికిన పులీ ఒకటేనని ఎప్పుడూ అనుకోకూడదు. అటవీశాఖ అనుమతి లేకుండా అడవిలో కెమెరా కట్టకూడదు.

ఇంత నారింజరంగు జంతువు ఎలా దాక్కుంటుందని అందరికీ అనుమానం. ఆ రంగు మనకే. లేడి, కణుజు, పంది కళ్లలో రంగును పట్టే కణాలు రెండు రకాలే. ఎరుపు, ఆకుపచ్చ వాటికి వేరుగా తెలియవు. వాటి కంటికి పులి పచ్చగడ్డి రంగులోనే ఉంటుంది. ఆ పైన నిలువు నల్ల చారలు గడ్డిదుబ్బుల మధ్య నీడలు.

పులి పిల్లి జాతే కాబట్టి ఇంట్లో పిల్లిని కూడా చూడండి. ఒంటికి సన్నటి చారలున్న పిల్లి, వెడల్పు సుడులున్న పిల్లి, ఈ రెండింటి తేడా టాక్‌పెప్ అనే ఒక్క జన్యువుదని 2012లో తేలింది. ఒడిశా సిమ్లిపాల్ అడవిలో నల్లపులులున్నాయి. వాటిలో నల్ల చారలు వెడల్పై కలిసిపోవడానికి కారణం అదే జన్యువులో మార్పు అని ఉమా రామకృష్ణన్ బృందం 2021లో చూపింది.

మధ్యాహ్నం జాతరలో బుడగలు రెండు కొనండి. ఒకదాన్ని నిమ్మకాయంత ఊది, మార్కరుతో నాలుగు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున అడ్డగీతలు గీసి, తర్వాత పూర్తిగా ఊదండి. గీతలు తక్కువ, వెడల్పు ఎక్కువ. ఇంకోదాన్ని మామిడికాయంత ఊదాక అదే నాలుగు మిల్లీమీటర్ల ఎడంతో గీసి ఊదండి. గీతలు ఎక్కువ, సన్నం. మైదానపు జీబ్రాకు వెడల్పు చారలు, గ్రేవీ జీబ్రాకు సన్నటి చారలు ఉండడానికి జొనాథన్ బార్డ్ 1977లో చెప్పిన కారణం ఇదే. పిండం చిన్నగా ఉన్నప్పుడే చారలు పడితే ఒక రకం, ఆలస్యంగా పడితే ఇంకో రకం. గీసే ముందు మూతి ముడివేయకండి, మార్కరు ఆరకముందు ఊదకండి, గీతలు చెదిరిపోతాయి.

సిరిమాను కదిలే ముందు ఊళ్లో పులివేషాలకు రంగు వేసేచోట నిలబడండి. ముందు ఒళ్లంతా పసుపు రంగు, అది ఆరాక పొట్టకు తెలుపు, ఆ తర్వాతే నలుపు. వెన్ను నుంచి మొదలుపెట్టి పక్కలకు దించుతారు, చివర సన్నగా లాగి వదిలేస్తారు. అది నిజం పులి చారే. తప్పు జరిగేది భుజాల దగ్గర. కళాకారుడు ఖాళీ వదలడానికి ఒప్పుకోడు, చేతులనిండా చారలు నింపుతాడు. నిజం పులికి ముందుకాళ్ల బయటివైపు ఇంచుమించు ఖాళీ, చారలన్నీ పక్కలకూ వెనకకాళ్లకూ ఉంటాయి.

ఒంటికి చారలు పూసుకోవడం మనిషికీ జోరీగ నుంచి రక్ష అని హోర్వాత్ బృందం 2019లో చూపించింది. ముదురు రంగు మనిషిబొమ్మ మీద చిక్కిన జోరీగలు తెల్ల చారలు పూసిన బొమ్మ మీదకన్నా పదింతలు. పసుపు మీద నలుపుతో అదే జరుగుతుందో లేదో వేషం కట్టినవాళ్లనే అడగొచ్చు, పొలం గట్ల మీద ఊరూరా ఆడేది వాళ్లే.

ఫొటో తీస్తే రెండు పక్కలా తీయండి. కుడిపక్క పూసిన చార ఎడమపక్క మళ్లీ అలాగే పడదు, చెయ్యి అంత కుదురుగా నడవదు. డప్పు మొదలై ఇరవై పులులు ఒకేసారి దూకినా, ఆ రెండు ఫొటోలతో మీ పులిని మీరు గుర్తుపట్టగలరు.